గీతం లెక్కలో లేని గడి

పెళ్లిచూపుల్లో జీతం ఎంత అని అడిగాక, కాస్త గొంతు తగ్గించి, గీతం ఏమాత్రం ఉంటుందని అడగడం మన మధ్యతరగతి ఇళ్లలో తప్పు కాదు, ముందుచూపు. రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో, రవాణా శాఖలోనో, ఇరిగేషన్‌లోనో ఉన్న పెళ్లికొడుక్కి కట్నం ఎందుకు ఎక్కువ పలుకుతుందో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రేపు అతను బల్ల కింద చెయ్యి పెట్టి తీసుకోబోయేదాని మీద ఆశతో ఆడపిల్ల తండ్రి ఇవాళే బల్ల మీద పెట్టి ఇచ్చుకుంటున్నాడన్నమాట! లంచమూ కట్నమూ రెండు వేరు వేరు దురాచారాలని బళ్లో వేరు వేరు పాఠాలు చెబుతారు గానీ, ఇళ్లలో వాటి పద్దు ఒకే పుస్తకంలో ఉంటుంది.

రాజకీయ అవినీతి మీద వ్యంగ్యంగా వచ్చిన వీడియో గేమ్‌ల గురించి రాయబోతూ పెళ్లిచూపుల దగ్గర మొదలుపెట్టానేమిటా అనుకోవచ్చు. ఆ ఆటలు కూడా ఇదే పద్దు రాస్తాయి. అందులో సగం పేజీ చింపేసి రాస్తాయి. నా గొడవ ఆ చింపేసిన సగం గురించి.

వీడియో గేమ్ అనగానే మనలో చాలామందికి తుపాకులు, కార్లు, చాలీచాలని బట్టలతో నిలబడ్డ ఆడబొమ్మలు గుర్తొస్తాయి. అది ఊరికే వచ్చిన అభిప్రాయం కాదు. కానీ దాన్ని పట్టుకుని 'మనకెందుకులే, మగపిల్లల వ్యవహారం' అని పక్కన పెట్టేస్తే మాత్రం నష్టపోయేది మనమే. అసలు ఆట అనేది మగపిల్లల సొత్తు ఎప్పుడయింది? వామనగుంటలూ, అష్టాచెమ్మా, గచ్చకాయలూ ఎవరి ఆటలు? వైకుంఠపాళి పటం పరిచి, ఏ పాపానికి ఏ పాము, ఏ పుణ్యానికి ఏ నిచ్చెన అని పిల్లలకి చెప్పినవాళ్లు అమ్మమ్మలే కదా! పైదాకా వెళ్లి అరుకాషుడి నోట్లో పడి మళ్లీ కిందికి జారిన పిల్లకి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఆ జారుడే ఉపన్యాసం. ఇయాన్ బోగోస్ట్ అనే అమెరికన్ పరిశోధకుడు 2007లో ఆటల మీద రాసిన 'పర్స్యుయేసివ్ గేమ్స్' అనే పుస్తకంలో దీన్నే సిద్ధాంతం చేశాడు. ఆట మాటలతో కాదు, నియమాలతో వాదిస్తుందని అతని ప్రతిపాదన. దేనికి ఎన్ని మార్కులు, దేనికి ఎంత జరిమానా, దేనికి అసలు గడే లేదు అన్నదాంట్లో ఆటగాళ్లకి తెలియకుండానే ఒక లోకరీతి ఎక్కిపోతుంది. కథలో దృక్కోణం ఎవరిదని అడిగే మనం, ఆటలో నియమం ఎవరిదని అడగాలి.

అడగడానికి అన్నిటికన్నా తగిన ఆట 'పేపర్స్, ప్లీజ్'. లూకాస్ పోప్ అనే అమెరికన్ ఒంటిచేత్తో తయారుచేసి 2013లో విడుదల చేశాడు. మరుసటి ఏడాది బ్రిటిష్ బాఫ్టా అవార్డుతో సహా పెద్ద బహుమతులు అందుకుంది. పదేళ్లలో 50 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. మన భాషలో మంచి నవల వెయ్యి కాపీలు పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లం, ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

1982. ఆర్‌స్టాట్‌స్కా అనే ఊహా దేశం. నిరంకుశ ప్రభుత్వం. లాటరీలో ఉద్యోగం తగిలిన ఒక గుమాస్తా సరిహద్దు దగ్గర చిన్న గదిలో కూర్చుంటాడు. వరసలో వచ్చేవాళ్ల పాస్‌పోర్టులు, అనుమతి పత్రాలు చూసి ఆకుపచ్చ ముద్రో ఎర్ర ముద్రో కొట్టాలి. ఆడేది మనమే కాబట్టి ఆ గుమాస్తా మనమే. ఒక్కో మనిషికి అయిదు చొప్పున కూలి. రోజుకి రెండు తప్పులు దాటితే కోత. రోజూ కొత్త రూలు, కొత్త కాగితం. సాయంత్రానికి చేతికొచ్చిన దాంట్లోంచి ఇంటద్దె, తిండి, చలికాలం కాబట్టి గది వేడిచేసుకునే ఖర్చు, ఎవరికైనా జబ్బు చేస్తే మందులు. నిజాయితీగా చేస్తే చాలవు. అప్పుడు పక్కనున్న కాపలా సిపాయి ఒకడు చెవిలో చెబుతాడు: తప్పుడు కాగితాలతో వచ్చినవాళ్లని ఊరికే వెనక్కి పంపకు, నిర్బంధించు. అలా పట్టుకున్న వాళ్ల లెక్కన తనకి అదనంగా డబ్బు వస్తుందట, అందులో వాటా ఇస్తాడట.

ఆ క్షణం నుంచి మన చూపు మారుతుంది! నిన్నటిదాకా పుట్టినతేదీలో ఒక అంకె తేడా వస్తే పాపం పొరపాటు అనుకున్నవాళ్లం, ఇవాళ దాన్ని వెతుక్కుంటాం. కాగితంలో లోపం కనిపిస్తే సంతోషం కలుగుతుంది. లంచగొండితనం గురించి ఎన్ని నవలలు చదివినా కలగని ఒక ఎరుక ఇది. మన వేళ్లే ఆ పని చేస్తాయి. ఇందులో మరో చురక కూడా ఉంది. ఒక రహస్య సంఘం ఇచ్చిన పెద్ద మొత్తం దాచుకుంటే ఇరుగుపొరుగుకి అనుమానం వచ్చి, ప్రభుత్వం ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. అవినీతి కొందరు దుర్మార్గుల గుణం కాదనీ, ఆకలినీ జరిమానానీ పక్కపక్కన పెట్టి రాజ్యం మనుషుల చేత చేయించే పని అనీ ఈ ఆట చూపించినంత బాగా ఈ మధ్య కాలంలో వ్యంగ్య రచన ఏదీ చూపించలేదు. వ్యంగ్య సాహిత్యం మీద పరిశోధన చేసినదానిగా ఈ మాట అంటున్నాను.

ఇక, ఆ ఇంటి లెక్క దగ్గరికి వద్దాం.

రాత్రి తెరమీద ఒక పట్టిక వస్తుంది. భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య. ఒక్కొక్కరి పక్కన వాళ్ల స్థితి: బాగున్నారు, ఆకలి, చలి, జబ్బు, మరణం. భార్యకి పేరు లేదు. ముఖం లేదు. ఆమె ఉద్యోగం చెయ్యదు, పొదుపు చెయ్యదు, చేబదులు తేదు, 'ఈ డబ్బు ఎక్కడిది' అని అడగదు. కొడుక్కి కనీసం పుట్టినరోజు ఉంది, రంగు క్రేయాన్లు కొనిపెట్టాలి, వాడు గీసిచ్చిన బొమ్మ గదిలో తగిలించుకోవచ్చు. భార్య మాత్రం ఖర్చు రాసే గడి! ఇల్లు నడిపిన అనుభవం ఉన్న ఏ స్త్రీని కూర్చోబెట్టి ఈ ఆట ఆడించినా మొదటి రాత్రికే అడుగుతుంది: చాలీచాలని జీతంలో ఇంటిని లాక్కొస్తున్నది ఎవరు? తిండి వండేదెవరు, జబ్బు మనిషి దగ్గర కూర్చునేదెవరు, తను తినకుండా ఎవరికి పెడుతుంది? ఆకలి కూడా ఇంట్లో అందరికీ సమానంగా వస్తుందని నమ్మే లెక్క అది. మగవాడు రాసిన ఇంటి లెక్క.

ఈ ఆట మీద ఇంగ్లీషులో వచ్చిన మెప్పు మాటల్లో ఎక్కువ వినిపించేది, గుమాస్తా మీద మనకి కలిగే సానుభూతి. అతను తనకోసం తీసుకోలేదు, పెళ్లాం పిల్లల కోసం తీసుకున్నాడు! ఈ వాక్యం మనకి కొత్తదా? ఏసీబీ దాడి జరిగిన ప్రతి ఇంట్లోనూ వినపడేది ఇదే కాదా? 'పిల్లలు గలవాణ్ణండీ' అంటూ చెయ్యి చాపే బంట్రోతు దగ్గర్నుంచి, కొడుకు చదువూ కూతురి పెళ్లీ చూపించే పెద్ద ఇంజనీరు దాకా అందరి సమర్థనా ఇంటి ఆడవాళ్ల మీదుగానే నడుస్తుంది. బంగారం పిచ్చి ఆమెది. ఆ ఇల్లు కట్టింది ఆమె పోరు పడలేక. ఇంకా తమాషా ఏమిటంటే చట్టం కూడా ఈ దారిని చాలాకాలం తెరిచే ఉంచింది. 1988 బినామీ నిషేధ చట్టం, భార్య పేరనో పెళ్లికాని కూతురి పేరనో కొన్న ఆస్తికి మినహాయింపు ఇచ్చింది. అది ఆమె మేలు కోసమే కొన్నదని, వేరే విధంగా రుజువయ్యేదాకా, భావించమంది. ఆస్తి హక్కు కోసం స్త్రీలు కోర్టుల చుట్టూ తిరుగుతున్న దేశంలో, ఆస్తి పత్రం మీద స్త్రీ పేరు అంత సులువుగా ఎక్కే సందర్భం ఇదొక్కటే కావడం ఎంత వ్యంగ్యం! 2016 సవరణలో దీనికి ఆదాయ మార్గం చూపించాలనే షరతు పెట్టారు. ఆమె సంతకానికి ముందు ఆమెను అడిగారా లేదా అన్నది ఏ సవరణా పట్టించుకోలేదు.

'పేపర్స్, ప్లీజ్' వరసలో నిలబడే స్త్రీల మాటా చెప్పుకోవాలి. భర్త కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి, అతన్ని పంపేస్తాం. వెనకాలే వచ్చిన భార్యకి ప్రవేశ పత్రం ఉండదు. ఆమె బతిమాలుతుంది. ఇంకో స్త్రీ చీటీ అందిస్తుంది: వెనక వస్తున్న ఫలానా మనిషిని లోపలికి రానివ్వద్దు, మమ్మల్ని పడుపువృత్తిలోకి దింపుతాడు అని. అతని పాస్‌పోర్టులో చిన్న లోపం కూడా ఉండదు. పంపిస్తే మర్నాడు పేపర్లో ఆ క్లబ్బులోని ఆడవాళ్ల హత్య వార్త. ఆపితే మనకి తప్పు కింద లెక్క. నిజమే, సక్రమమైన కాగితం ఎంత ఘోరాన్నయినా దాటించగలదని చూపించిన మంచి ఘట్టం ఇది. ఇక్కడ పోప్‌కి అన్యాయం చెయ్యను.

కానీ చూడండి, ఆ గదిలో కూర్చున్నవాడి చేతిలో ఎంత అధికారం ఉందో! ఆ కిటికీ ముందు నిలబడ్డ ఆడమనిషికి కాగితం లేదు, డబ్బు లేదు, వెనక్కి వెళ్లే దారి లేదు. ఇలాంటి కిటికీ దగ్గర ప్రపంచంలో ఎక్కడైనా ఆమెను ఏమడుగుతారో మనకి తెలియదా? రేషన్ కార్డు దగ్గర, వితంతు పెన్షన్ దగ్గర, బదిలీ ఉత్తర్వు దగ్గర, ఆఖరికి పీహెచ్‌డీ సంతకం దగ్గర ఏమడుగుతారో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పాలా? ఆట మొత్తంలో గుమాస్తాకి అలా అడిగే వీలు లేదు, అతనికి ఆ ఆలోచనే రాదు. రాకపోవడం అతని మంచితనం అని ఆట అనదు, అసలు ఆ ప్రస్తావనే ఉండదు. డబ్బు తీసుకోగలడు, గడియారం తీసుకోగలడు, మనుషుల్ని సిపాయికి అమ్మగలడు. ఆడదాని దగ్గర మాత్రం నిష్కామయోగి! నిరంకుశ రాజ్యంలోని లంచం గురించి ఇంత వివరంగా ఆలోచించిన మనిషి ఇంత పెద్ద విషయం వదిలేశాడంటే అది మర్యాద వల్ల కాదు. లంచం అంటే డబ్బు అని, డబ్బు మాత్రమే అని, మొదటి గడి గీసినప్పుడే అనుకున్నాడు.

దానికి బదులుగా ఆటలో మరొకటి ఉంది. అనుమానం వచ్చిన మనిషిని స్కానర్ ముందు నిలబెట్టవచ్చు. బరువు తేడా వచ్చినా, పాస్‌పోర్టులో రాసిన లింగం సరిపోలేదనిపించినా ఒక మీట నొక్కితే బట్టల్లేని ఫోటో వస్తుంది. దీని మీద కూడా చర్చ జరిగింది. ఏమని? 2014 చివర్లో ఐపాడ్‌కి వచ్చినప్పుడు నగ్నత్వం ఉండాలా వద్దా అని! యాపిల్ వాళ్లు ముందు తీసేయించారు, తర్వాత పొరపాటు పడ్డామని ఒప్పుకున్నారు. కావాలంటే లోదుస్తులతో చూపించే ఏర్పాటూ ఆటలో ఉంది. అశ్లీలమా కాదా అన్నదే ప్రశ్న అయింది తప్ప, తన ఒంటికీ కాగితం మీది అక్షరానికీ పొత్తు కుదరని మనిషి రోజూ కిటికీ దగ్గర ఏం చెల్లిస్తుందన్నది ఎవరికీ ప్రశ్న కాలేదు. ట్రాన్స్ స్త్రీలని అడిగితే తెలిసేది.

మిగిలిన ఆటలు? 2001లో మొదలైన 'ట్రోపికో'లో మనం ఒక కరీబియన్ దీవికి నియంత. భవనాల అనుమతి మీద అదనపు రుసుం పెట్టి అందులో కొంత స్విస్ ఖాతాకి మళ్లించే ఆదేశం కూడా ఇవ్వొచ్చు. హాయిగా నవ్విస్తుంది. 2014లో సైనిక కుట్ర జరిగిన కొన్ని నెలలకే థాయిలాండ్ ప్రభుత్వం దీని అయిదో భాగాన్ని నిషేధించింది, కాబట్టి నియంతలకి ఇది నవ్వులాట కాదని ఒప్పుకోవాలి. తర్వాతి భాగాల్లో పాలకుడి స్థానంలో స్త్రీని ఎంచుకునే వీలూ ఇచ్చారు. నేను అడిగేది అది కాదు. కుర్చీలో చీర కూర్చున్నంత మాత్రాన కుర్చీ నియమాలు మారవని, భార్య సర్పంచి అయితే సంతకం భర్త పెట్టే ఊళ్లు చూసినవాళ్లకి తెలుసు. ఇటలీకి చెందిన పావొలో పెడెర్చీని 'మోలెయిందుస్త్రియా' పేరుతో చేసిన ఆటలు నాకు ఇంతకన్నా ఇష్టం. 2006 నాటి 'మెక్‌డొనాల్డ్స్ వీడియోగేమ్'లో మేయరుకీ, ఆరోగ్య అధికారికీ, పోషకాహార నిపుణుడికీ ముడుపులివ్వకుండా కంపెనీ నడవదు. 2008 నాటి 'ఆయిలిగార్కీ'లో చమురు కంపెనీగా ఎన్నికల్లో రెండు పార్టీలకీ డబ్బు పోస్తాం. కన్నీళ్లు పెట్టించే గుమాస్తా ఉండడు. పెట్టుబడి లెక్క నిర్మొహమాటంగా కనిపిస్తుంది. అయితే అంత ఎత్తు నుంచి చూసినప్పుడు మనుషులు చుక్కలయిపోతారు. చుక్కల్లో ఆడేదో మగేదో!

మన దేశంలో వచ్చిన వాటి సంగతి చెప్పాలంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. 2011లో అన్నా హజారే దీక్ష రోజుల్లో 'యాంగ్రీ అన్నా' అని ఒక ఆట వచ్చింది. 'యాంగ్రీ బర్డ్స్'కి అనుకరణ. పక్షుల బదులు ఉద్యమ నాయకుల తలలు విసురుతాం, పందుల బదులు రాజకీయ నాయకుల తలలు. అవినీతి అంటే కొన్ని ముఖాలు. ఆ ముఖాలు పగిలితే దేశం బాగుపడుతుంది. పత్రికల్లో చూసి, టీవీలో చూసి, మళ్లీ ఫోనులో చూసి కొట్టే అదే ముఖం! మర్నాడు ఉదయం ఎమ్మార్వో ఆఫీసులో చెయ్యి తడపడానికి ఆటంకమేమీ లేదు.

తర్వాత కొద్ది నెలలకే, 2012 జనవరిలో, మనకోసం కూడా ఒకటి వచ్చింది. 'యాంగ్రీ బ్రైడ్స్'. షాదీ.కామ్ అనే పెళ్లి సంబంధాల సంస్థ ఫేస్‌బుక్‌లో పెట్టిన ఆట. ఎర్రచీర కట్టుకున్న ఎనిమిది చేతుల పెళ్లికూతురు వరుల మీదికి చీపురూ చెప్పూ విసురుతుంది. వరుడి ధర 15 లక్షల దగ్గర మొదలవుతుంది, దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతుంది, తగ్గిన సొమ్ము మన కట్నవ్యతిరేక నిధిలో చేరినట్టు మన ఫేస్‌బుక్ పేజీ మీద కనిపిస్తుంది. దేశంలో 2010 ఒక్క ఏడాదిలో నమోదైన కట్నం చావులు 8,391. వాటి కోసం ఒక చీపురుకట్ట! దీన్ని చాలామంది మెచ్చుకున్నారు, విదేశీ పత్రికలు కూడా రాశాయి. కోపం మంచిదే, నాకూ ఉంది. కానీ ఆ వరుడికి 15 లక్షల ధర ఎలా వచ్చింది? జీతాన్ని ఒక గడిలో, కులాన్ని ఇంకో గడిలో నింపించి సంబంధాలు కలిపే వ్యాపారం ఆ ధర కట్టడంలో పాలుపంచుకోదా? ఆట ఆ ప్రశ్న వెయ్యదు. ధర తగ్గించే పని పెళ్లికూతురిది, ధర ఎక్కడ కట్టారో ఆటలో లేదు. అవినీతి ఆటలో కట్నం ఉండదు, కట్నం ఆటలో గీతం ఉండదు. ఇద్దరు 'కోపిష్టులూ' ఒకరి నియమాల్లోకి ఒకరు తొంగిచూడరు.

వందేళ్ల కిందటే మనవాడొకడు ఈ రెంటినీ ఒకే అంగడిలో పెట్టి చూపించాడు. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో పెంచి రాసిన 'కన్యాశుల్కం'లో ఆడపిల్లకి వెల ఉంది, దొంగసాక్ష్యానికి వెల ఉంది, పోలీసుకి వెల ఉంది, వకీలుకి వెల ఉంది. బ్రోకర్లు వాళ్లూ వీళ్లూ కాదు, అదే రామప్పపంతులు. ఆడవేషం వేసుకున్న కుర్రాణ్ణి పెళ్లికూతురని అమ్మేశాక, ఆ 'పిల్ల' మాయమయితే, అది హత్యకేసై ఊరందరికీ సంపాదన అవుతుంది. మధురవాణిని గురజాడ ఎంత ఆదర్శీకరించాడు అన్న మన పాత తగువు అలాగే ఉండనివ్వండి. ఆ నాటకంలో ప్రతి మగవాడి ఖరీదూ కచ్చితంగా తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. అందుకే వ్యంగ్యం ఆమె కళ్లలోంచి చూసినప్పుడే పదునెక్కింది.

అదే కాలంలో అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే స్టెనోగ్రాఫరు ఏం చేసిందో చూడండి. భూమి కొందరి గుత్తాధిపత్యంలో ఉంటే మిగిలినవాళ్లు ఎలా దివాలా తీస్తారో చూపించడానికి 'ది లాండ్‌లార్డ్స్ గేమ్' అనే పటం ఆట తయారుచేసి 1904లో పేటెంటు తీసుకుంది. దానికి రెండు రకాల నియమాలు పెట్టింది. ఒకదాంట్లో ఒకరే గెలుస్తారు, ఇంకోదాంట్లో సంపద పెరిగితే అందరికీ వాటా వస్తుంది. రెండూ ఆడి చూసి తేడా తెలుసుకోమంది. 1906లో ఆమే, ఆడదాని బతుకు ఏమిటో చెప్పడానికి, తనని తాను బానిసగా వేలం వేసుకుంటున్నట్టు పత్రికలో ప్రకటన ఇచ్చింది. ఎంత గగ్గోలయిందో ఊహించుకోవచ్చు. చూశారా, ఆస్తి లెక్కా ఆడదాని వెలా ఒకే బుర్రలో ఆలోచనలు! తర్వాత ఆ ఆటలోంచి గుత్తాధిపత్యపు నియమాలు మాత్రం మిగిలి, 'మోనోపలీ' అయి, ఒక మగవాడి పేరు మీద చలామణీ అయింది. ఆమె పేటెంటుని పార్కర్ బ్రదర్స్ 1935లో 500 డాలర్లకి కొనేసింది. మన పిల్లలు వేసవి సెలవుల్లో 'బిజినెస్' పేరుతో ఆడుకున్నది దాని మనవరాలినే. విమర్శించడానికి పుట్టిన ఆట, విమర్శించిన దాన్నే నేర్పించే ఆట అయిపోయింది. నియమం ఎవరి చేతిలో ఉందన్నది ఎందుకు పట్టించుకోవాలో ఇంతకన్నా నిదర్శనం నాకు తెలియదు.

ఇదంతా ఆటల గొడవే, బయట చట్టం బాగానే ఉందిగా అనేవాళ్లకి ఒక మాట. అవినీతి నిరోధక చట్టం 1988 నుంచీ కూడా లంచం అంటే డబ్బే కానక్కర్లేదని చెబుతూనే ఉంది. బాగానే ఉంది. 2018లో దాన్ని సవరించి లంచం ఇచ్చినవాళ్లనీ నేరస్థుల్ని చేశారు, ఏడేళ్ల దాకా శిక్ష. బలవంతం మీద ఇచ్చామనుకుంటే ఏడు రోజుల్లో ఫిర్యాదు చెయ్యాలి. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి, కిటికీ ముందు నిలబడ్డ ఆమె వైపు నుంచి చదవండి. తన మీద జరిగిన దాన్ని నోటితో చెప్పడానికి ఆమెకి ఏడు రోజులు! దాటితే, అక్షరాలని ఉన్నవున్నట్టు చదివేవాడి దృష్టిలో, ఆమె లంచం ఇచ్చిన మనిషి. అధికారంలో ఉన్నవాడు లొంగదీసుకోవడం మీద శిక్షాస్మృతిలో వేరే సెక్షను ఉంది, 376సి, ఇప్పుడు న్యాయసంహితలో 68. అంటే అది లైంగిక నేరాల పుస్తకంలో ఉంటుంది, అవినీతి పుస్తకంలోకి రాదు. 2018 డిసెంబరులో జమ్మూకాశ్మీర్ ఒక్కటే ఈ రెండు పుస్తకాలనీ కలిపి, దీన్ని నేరంగానూ అవినీతిగానూ చూసే చట్టం తెచ్చింది. 2019 అక్టోబరు 31 తర్వాత ఆ రాష్ట్ర శిక్షాస్మృతే అమల్లో లేకుండా పోయింది. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 2020లో ఆసియా దేశాల్లో చేసిన సర్వేలో, ప్రభుత్వ సేవ కోసం లైంగికంగా లొంగమన్న ఒత్తిడిని తామో తమకు తెలిసినవాళ్లో ఎదుర్కొన్నామని ప్రతి ఏడుగురిలో ఒకరు చెప్పారు. ఏడుగురిలో ఒకరి అనుభవం ఆటలోనూ లేదు, అవినీతి చట్టంలోనూ సరిగా లేదు. వ్యంగ్యకారుడూ, శాసనకర్తా ఒకే పద్దుపుస్తకం వాడుతుంటే ఒకరు ఇంకొకర్ని ఎలా వెక్కిరించగలరు?

అలాంటి ఆట తయారుచేస్తే అసహ్యంగా ఉండదా, ఆడదాని అవమానం మళ్లీ ఒక వినోదం కాదా అని స్నేహితురాళ్లు అడిగారు. న్యాయమైన భయమే. కుర్చీలోంచి ఆడిస్తే తప్పకుండా అవుతుంది. మగపిల్లలు నాలుగు రోజుల్లో దాన్ని ఏం చేస్తారో నాకు తెలుసు. అందుకే వరసలోంచి ఆడించాలంటాను. కలకత్తా కళాకారిణి లీనా కేజ్రీవాల్ 2016లో 'మిస్సింగ్' అనే ఆటలో ఈ సాహసం చేసింది. అందులో మనం అమ్ముడుపోయిన అమ్మాయిగా ఆడతాం. వ్యంగ్యం కాదు అది, నవ్వే చోటు లేదు. అయినా కుర్చీ దిగి నిలబడింది.

ఈ మధ్య మా క్లాసులో అమ్మాయిలకి ఈ పని అప్పజెప్పాను. కంప్యూటర్ అక్కర్లేదు, అట్టముక్క, గవ్వలు, చింతగింజలు చాలన్నాను. ఆఫీసు బల్ల కాదు, వరండాలో వరస. చేతిలో పదిహేను గింజలతో మొదలు. అవి రోజుకూలి. బస్సుకి రెండు, జిరాక్సుకి ఒకటి, 'సారు లేరు, రేపు రండి' గడిలో పడితే కూలి మొత్తం పోయినట్టే. పిల్లని ఎవరి దగ్గర వదిలి వచ్చామో దానికో గడి. తోడుగా భర్తనో అన్ననో తెచ్చుకుంటే రెండు గడులు ముందుకి, కానీ ఆ పూట అతని కూలి కూడా పోతుంది. 'చాయ్ పానీ' గడి, 'పెద్ద సారుకి కూడా' గడి. నవ్వుతూ గీశారు. తహశీల్దారు బొమ్మకి మీసాలు పెట్టారు. ఇంతవరకూ చకచకా అయింది.

'ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లు' అని ఒక గడి రాశారు. అక్కడ ఆగిపోయారు. ఎన్ని గింజలు తియ్యాలి? గింజలు తీస్తే దానికి ధర కట్టినట్టు అవుతుందని ఒకమ్మాయి అంది. తియ్యకపోతే అది ఊరికే అయిపోయే దారి, అందరూ అటే వెళ్తారని ఇంకొకమ్మాయి. ఆ గడి తీసేద్దామని మూడో అమ్మాయి అంది. తీసేస్తే ఈ ఆట మనం ఎందుకు గీస్తున్నట్టు అని మొదటి అమ్మాయి లేచింది. అక్కడ పడ్డవాళ్లు మిగిలిన ఆటంతా మాట్లాడకుండా ఆడాలని ఎవరో నియమం చెప్పారు. కాదు, అక్కడ పడకుండానే అందరూ పడినట్టు వాళ్ల గురించి మాట్లాడాలని మరొకరు. గంట కొట్టారు. అట్టముక్క నా బీరువాలో ఉంది. ఆ గడి చుట్టూ పెన్సిలుతో రాసి చెరిపిన గుర్తులున్నాయి. వచ్చే వారం మళ్లీ తియ్యాలి.